అన్నీ మార్చాక అదే రేడియోనా?

ఏళ్లతరబడి అటక మీద పడున్న వాల్వు రేడియో మళ్లీ పలకాలంటే ముందు దానిలోంచి చాలా సామాను తీసెయ్యాలి. నేరుగా ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశామా, సెట్టు మీద ఆశ వదులుకోవచ్చు. లోపలి ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. మైనం పట్టించిన కాగితం కండెన్సర్లు డీసీ కరెంటును ఆపాల్సింది పోయి లీకవుతుంటాయి. వాటిలో చివరి వాల్వు గ్రిడ్డుకు ధ్వనిని అందించే కప్లింగ్ కండెన్సర్ మరీ ప్రమాదం. అది కాస్త లీకైనా గ్రిడ్డు మీదికి పాజిటివ్ వోల్టేజి చేరుతుంది, వాల్వు మితిమీరి కరెంటు లాగుతుంది, తాను పోతూ పోతూ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌నూ కాల్చేస్తుంది. తెలిసిన మెకానిక్ మొదట దాన్ని మారుస్తాడు. ఆ తర్వాత పొడిపొడిగా రాలే రబ్బరు తీగలు, విలువ తప్పిన రెసిస్టర్లు, తెగిన డయల్ తాడు, నీరసించిన వాల్వులు. సిరీస్ బల్బు పెట్టి జాగ్రత్తగా కరెంటిస్తాడు. సెట్టు పాడుతుంది. ‘తాతగారి రేడియో బతికింది’ అంటారు ఇంటివాళ్లు. తాతగారి నాటివి అందులో మిగిలినవి చెక్కపెట్టె, ఛాసిస్, కాయిళ్లు, స్పీకరు. మరి అది ఆ రేడియోయేనా?

ఛత్తీస్‌గఢ్‌లో బస్తరు ప్రాంతపు గనుల ఊరు బచేలి లాంటి చోట ఈ ప్రశ్నకు బరువెక్కువ. బైలాడిల్లా కొండల మీద డిపాజిట్ 5లో ఇనుప ఖనిజం తవ్వకం మొదలైంది 1977లో. అప్పటికే ట్రాన్సిస్టర్లు వాల్వు సెట్లను అటకెక్కించాయి. కాబట్టి ఇక్కడి తెలుగు ఇంట్లో వాల్వు రేడియో ఉందంటే, బహుశా అది కొత్తవలస-కిరండూల్ లైను మీద ట్రంకుపెట్టెలతో పాటు వచ్చినదే అయ్యుండాలి. పుట్టిన ఊరి నుంచి తెచ్చుకున్న వస్తువుల్లో అంత మాట్లాడేది మరొకటి లేదు. అలాంటిదాని విషయంలో ‘ఇది అదేనా’ అన్న అనుమానాన్ని నవ్వి తోసేయలేం.

మన శాస్త్రాలు ఈ అనుమానాన్ని ఎన్నడో ఎదుర్కొన్నాయి, పెద్దగా ఓదార్చలేదు. రథమెక్కి వచ్చిన మిళింద రాజును బౌద్ధ భిక్షువు నాగసేనుడు ఇరుసు రథమా, చక్రాలు రథమా అని ఒక్కొక్కటే అడిగి, రథమన్నది ఈ భాగాలను ఆసరా చేసుకుని నిలిచిన పేరు మాత్రమే అన్నాడు. న్యాయదర్శనం వాళ్లయిన నైయాయికులు ఒప్పుకోలేదు. భాగాలకు వేరుగా అవయవి అనే నిజమైన వస్తువు ఉందన్నారు. అయితే వాళ్ల లెక్క ఇంకా కఠినం. బట్టలోంచి ఒక పోగు పోతే పాత బట్ట నశించి ఖండపటం అనే కొత్త బట్ట పుడుతుందట. ఆ లెక్కన మొదటి కండెన్సర్ విప్పగానే తాతగారి రేడియో చచ్చిపోయినట్టే. ప్రతిదీ క్షణంపాటే ఉంటుందనే బౌద్ధుల క్షణికవాదాన్ని ఖండిస్తూ శంకరులు కూడా, తెలుసుకునే ఆత్మ విషయంలో సందేహానికి తావు లేదు గానీ బయటి వస్తువుల విషయంలో ‘ఇది అదేనా, అలాంటిదా’ అని ఎప్పుడైనా పొరపడవచ్చునని ఒప్పుకున్నారు. పదార్థాన్ని పట్టుకుని వెతికితే ‘అదే’ దొరకదన్న చోట మాత్రం వీళ్లకు పెద్ద తేడా లేదు.

నా వాదం వేరే చోట మొదలవుతుంది. వాల్వు రేడియోను విప్పి చూస్తే తయారుచేసినవాడి ఉద్దేశం అందులోనే కనిపిస్తుంది. వాల్వులను టంకం వేసి అతికించలేదు, సాకెట్లలో గుచ్చాడు. ఫిలమెంటు ఏదో ఒకనాడు పోతుందని అతనికి తెలుసు. ఈసీహెచ్81 అనే వాల్వు పోతే మరో ఈసీహెచ్81 పెట్టుకోమన్నాడు. అది విదేశీ కంపెనీదైనా, బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ చేసినదైనా సెట్టుకు పట్టింపు లేదు. అంటే భాగాలు మార్చడం ఈ వస్తువుకు బయటి నుంచి వచ్చిన ఆపద కాదు, పుట్టుకలోనే ఒప్పుకున్న షరతు. గాలిలోని తరంగాన్ని ఒక వాల్వు అందుకుని స్థిరమైన ఫ్రీక్వెన్సీకి మార్చి, మరొకటి పెంచి, అందులోంచి ధ్వనిని విడదీసి, చివరిది స్పీకరును కదిలించడం అనే ఆ పని వరసే రేడియో. ఆ వరస నిలిచినంతకాలం రేడియో నిలుస్తుంది. ఇప్పుడు కొందరు చేస్తున్నట్టు లోపలిదంతా పీకేసి, పాత చెక్కపెట్టెలో బ్లూటూత్ బోర్డు బిగిస్తే కంటికి మార్పేమీ కనబడదు, పాట కూడా వస్తుంది. కానీ అది శవాలంకరణ. రూపం మిగిలినా ప్రాణం పోతుందనీ, సరుకు మారినా ప్రాణం నిలుస్తుందనీ ఈ రెండు పెట్టెలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

బస్తరులోనే దీనికి సాక్ష్యం ఉంది. జగదల్‌పూర్‌లో దసరాకు దంతేశ్వరి అమ్మవారి ఛత్రాన్ని ఊరేగించే మహారథాన్ని ఏటా కొత్త కలపతో చేస్తారు. పోయినేటి రథం ఏమైందని ఎవరూ బెంగపడరు. కొలిచే దేవత, ఆ పని వంశపారంపర్యంగా చేసే మనుషులు, చేసే క్రమం, ఇవి తెగకపోతే రథం అదే. ఓరుగల్లు నుంచి వచ్చి బస్తరు రాజ్యాన్ని స్థాపించిన అన్నమదేవుడితో ఆ తల్లి కూడా వచ్చిందని ఐతిహ్యం గనుక తెలుగువాళ్లకు ఇది పరాయి సాక్ష్యమేమీ కాదు. ఆగమాలు చెప్పే జీర్ణోద్ధరణలోనూ ఇదే వివేకం ఉంది. గుడిని విప్పేముందు దేవుణ్ని బాలాలయమనే తాత్కాలిక గుడిలో నిలిపి పూజ ఆగకుండా చూస్తారు. యాదగిరిగుట్టలో గుహలోని స్వయంభూమూర్తిని కదిలించకుండా చుట్టూ నల్లరాతితో ఆలయాన్ని కొత్తగా కట్టి, 2022 మార్చి 28న తిరిగి తెరిచారు. ఎంత మార్చవచ్చో ఎక్కడ ఆగాలో తెలియడమే అక్కడి శాస్త్రం.

ఇక్కడ మాధ్యమిక బౌద్ధుడు చంద్రకీర్తి అడ్డుపడతాడు. భాగాల కూర్పు గానీ ఆకారం గానీ రథం కాదని ఆయన తేల్చేశాడు కదా, నీ ‘పని వరస’ కూడా మరో కూర్పే కదా అంటాడు. నిజమే, విడిగా వెతికితే వరసా దొరకదు. అది జరుగుతున్నప్పుడే ఉంటుంది. వేళ్లకు దొరకనంత మాత్రాన లేదనలేం, స్పీకరు ముందు కూర్చున్నవాడికి అది ఉంది. ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఇంకొకటి. వరసే రేడియో అయితే ఒకే మోడల్ సెట్లన్నీ ఒకటే కావాలిగా? కావు. వరస ఒక్కటే చాలదు, అది ఈ పెట్టెలో ఒకదాని తర్వాత ఒకటిగా, పాతదాని చోట కొత్తది నిలుస్తూ సాగి రావాలి. అందుకే భాగాలను ఒక్కొక్కటిగా మార్చడం వైద్యం, పెట్టెనే మార్చేసి ‘ఇదీ అదే’ అనడం అబద్ధం. మ్యూజియం వాళ్ల మాటా కొట్టిపారేయలేం. అరుదైన సెట్టులో పాత కండెన్సర్ కూడా చరిత్రకు ఆధారమే, దాన్ని ముట్టుకోకుండా వదిలేయడమే న్యాయం. కానీ మర్ఫీ, ఫిలిప్స్ కంపెనీలు వేలకొద్దీ చేసి అమ్మిన సెట్లకు ఆ మౌనవ్రతం ఎందుకు?

అంటే ‘అదే’ అనేది వస్తువులో దాగిన రహస్యం కాదు, బాగుచేసేవాడు తన నెత్తికెత్తుకునే బాధ్యత. కొందరు పాత కండెన్సర్ గుల్లను ఖాళీ చేసి కొత్తదాన్ని అందులో దాచి పైన మైనం పూస్తారు. చూపుకు బాగుంటుంది, నాకూ అభ్యంతరం లేదు, దాచిన సంగతి రాసిపెడితే. మీ ఇంటి సెట్టు బాగుచేయించుకుంటే ఏయే భాగాలు, ఏ తేదీన, ఎవరు మార్చారో ఒక కాగితం మీద రాయించి వెనుక మూత లోపలివైపు అంటించండి. విప్పిన పాత సామానును మెకానిక్ దగ్గర వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి.