ఊరు లేని కుట్టు

మరాష్, ఐంతాబ్, ఉర్ఫా, వాన్. ఇవి ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఆర్మేనియన్లు తరతరాలుగా కాపురమున్న పట్టణాలు. ఒక్కో పట్టణానికి తనదైన సూదిపని ఉండేది, దానికి ఊరి పేరే పేరు. 1915లో మొదలైన నరమేధంలోనూ, తర్వాతి కొద్ది ఏళ్ల వలసల్లోనూ ఆ పట్టణాల్లో ఆర్మేనియన్లు దాదాపు లేకుండా పోయారు. ఊళ్ల పేర్లు కుట్లకు మిగిలాయి. బేరూట్‌లోనో యెరెవాన్‌లోనో లాస్ ఏంజెలెస్‌లోనో ఒకామె ఇవాళ్టికీ 'మరాష్ కుట్టు' అంటూ గుడ్డను ఒళ్లోకి తీసుకుంటుంది. ఆమె మరాష్ చూడలేదు, ఆమె తల్లీ చూసి ఉండకపోవచ్చు. మరి బతికినదేమిటి? వస్తువు భద్రంగా ఉంటే పరంపర భద్రంగా ఉన్నట్టేనని చాలామంది నమ్మకం. నాకది పొరపాటుగా తోస్తుంది. పరంపర చేతలో ఉంటుంది, ఆ చేత ఎవరిని తలుచుకుంటూ సాగుతుందో అందులో ఉంటుంది.

మరాష్ కుట్టునే చూడండి. ముందు గుడ్డ మీద దారంతో చట్రంలాంటిది వేసుకుంటారు. రెండో దఫా సూది గుడ్డను గుచ్చదు, చట్రపు దారాల మీదుగా కిందుగా దూరుతూ అల్లుకుపోతుంది. మన ఇళ్లలో కచ్ వర్క్ పేరుతో కుట్టేదీ ఈ పద్ధతే. చట్రంలో ఒక్క దారం కిందుగా పోవలసింది మీదుగా పోయినా, తర్వాతి అల్లిక మధ్యలో దారి మూసుకుపోయి ఆగుతుంది. పని పూర్తయ్యాక మాత్రం రెండు దఫాలూ ఒకదాన్నొకటి కప్పేస్తాయి, సూది నడిచిన దారి చూసేవారికి చిక్కదు. ఆర్మేనియన్ల సూదిలేసు ఇంకా చిత్రం. నరసాపురం లేసు కొక్కెంతో అల్లేది కాబట్టి కొస లాగితే వరసంతా ఊడివస్తుంది. ఈ లేసును మామూలు కుట్టుసూదితోనే చేస్తారు, ప్రతి ఉచ్చూ ఒక ముడి, ఒకచోట తెగినా మిగతాది నిలుస్తుంది. ఆ ముడి ఎంత బిగించాలో పక్కన కూర్చున్న చెయ్యి చెప్పాలి. మ్యూజియం అక్కర్లేదని నా వాదం కాదు. అది లేకపోతే ఏం పోయిందో కూడా తెలియదు. కానీ అద్దం వెనక ఉన్నది పని ఫలం మాత్రమే, పని క్రమం అక్కడ లేదు. వేదాన్ని గురుముఖతః నేర్వాలని మన పెద్దలు పట్టుబట్టింది ఇందుకే: తాళపత్రంలో అక్షరం నిలుస్తుంది, స్వరం నిలవదు.

ఆర్మేనియన్ చర్చిలో స్మరణకు ఉన్న స్థానం చూస్తే ఈ మాటకు ఇంకో ఆధారం దొరుకుతుంది. అక్కడి లేఖకులు గ్రంథం చివర తమ పేరు, తల్లిదండ్రుల పేర్లు రాసి, చదివేవారిని తమకోసం ప్రార్థించమని వేడుకునేవారు. చర్చికి ఇచ్చిన తెరల మీదా వస్త్రాల మీదా దాతల పేర్లు అలాగే కనిపిస్తాయి. పేరు అక్కడ ఉన్నంత మాత్రాన సరిపోదు, ఎవరో నోరారా చదివి ప్రార్థిస్తేనే ఆ వేడుకోలు నెరవేరుతుంది. పెద్దవాళ్ల ఫోటోకు దండ వేయడం వేరు, వారి పేరూ గోత్రమూ చెప్పి తర్పణం వదలడం వేరు అని ఎరిగిన మనకు ఇది కొత్త సంగతి కాదు. స్మరణ ఒక క్రియ. కుట్టు కూడా అలాంటి క్రియేనని నా నమ్మకం.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఈ పనులన్నీ ఆడపిల్లల వేళ్లనుంచి పిండుకున్న శ్రమ కాదా, దాన్ని పవిత్రమనడం అన్యాయం కాదా? కట్నపు పెట్టె నింపడానికి బాల్యమంతా కుట్టిన పిల్లలున్నారు, కూటికోసం కుట్టిన శరణార్థి స్త్రీలున్నారు. లెబనాన్‌లోని ఘజీర్ అనాథాశ్రమంలో ఆర్మేనియన్ బాలికలు పది నెలలపాటు నేసిన తివాచీలో 44 లక్షలకు పైగా ముడులున్నాయి. అమెరికా చేసిన సాయానికి కృతజ్ఞతగా దాన్ని 1925లో అధ్యక్షుడు కూలిడ్జ్‌కు పంపారు. ఆ శ్రమను నేను దాచను, అందంగా చూపను. ఆ తివాచీ తర్వాతి కథ మాత్రం అందరూ తెలుసుకోవాలి. కూలిడ్జ్ కుటుంబం 1982లో దాన్ని వైట్‌హౌస్‌కు తిరిగి ఇచ్చింది. 2013లో ఒక ప్రదర్శనకు అడిగితే వైట్‌హౌస్ ఇవ్వలేదు. 2014 నవంబరులో కొద్ది రోజులు జనం చూశారు. అప్పటికింకా అమెరికా అధ్యక్షులు ఏటేటా ఇచ్చే సంతాప ప్రకటనలో నరమేధం అన్న మాట వాడటానికి వెనకాడేవారు, 2021లో గాని ఆ మాట రాలేదు. వస్తువు చెక్కుచెదరకుండా ఉంది, స్మరణను గోదాములో పెట్టారు. ఆ పిల్లలకు జరిగిన అన్యాయం వాళ్ల పనిని వదిలేస్తే తీరదు. ఎవరు నేశారో, ఎందుకు నేయవలసి వచ్చిందో చెప్పుకుంటూ, తన ఇష్టంతో ఆ ముడి వేసే మరో అమ్మాయి ఉండాలి.

పుస్తకం చూసి నేర్చుకున్నది అసలుదెలా అవుతుందని మరికొందరు అడుగుతారు. 1983లో ఆలిస్ ఓడియన్ కాస్పేరియన్ ఆర్మేనియన్ సూదిలేసు, కుట్టుపనుల మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేయించారు. నేర్పే అవ్వ లేని ఇంట్లో పుస్తకమే దిక్కు, తెగిన చోట అతుకు వేయడం తప్పు కాదు. ఆ అతుకు తర్వాత పక్కన కూర్చుని దిద్దే చెయ్యి మళ్లీ పుట్టాలి, అంతే. ఇక ఈ పని ఆర్మేనియన్లకే చెల్లుతుందనే రక్తశుద్ధి వాదం ఇక్కడ అసలే నిలవదు. ఐంతాబ్ పని నేటి గాజియాంతెప్‌లో టర్కీ స్త్రీల చేతుల్లోనూ ఉంది. ఆర్మేనియన్ చర్చిల బలిపీఠానికి కట్టిన తెరల్లో కొన్ని 18వ శతాబ్దంలో మన కోరమాండల్ తీరాన తయారైనవి. ఆ బట్టకు రంగులద్దిన పనివారికి వాటి మీది ఆర్మేనియన్ లిపి చదవడం వచ్చి ఉండకపోవచ్చు. అయినా ఆ తెరల్ని పరాయివని ఆ చర్చి తోసేయలేదు. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో అక్కడ బలిపీఠం ముందు తెర మూసే ఉంటుంది. ఆ వారాలన్నీ ప్రార్థనకు నిలబడ్డవాళ్ల కళ్లెదుట ఉండేది ఆ గుడ్డే.