చల్లదనం ముందు ఎవరికి?

పసిఫిక్ మహాసముద్రం మధ్యలో, ఫ్రెంచ్ పాలినీషియాలో, బోరా బోరా అని ఒక దీవి ఉంది. హనీమూన్ ప్యాకేజీల ఫోటోల్లో నీలం నీళ్ళ మీద గడ్డికప్పుల గదులు కనిపిస్తాయే, ఆ దీవి. 2006లో అక్కడ ఇంటర్‌కాంటినెంటల్ వాళ్ళు ఒక రిసార్టు తెరిచారు. దాని గదుల్ని చల్లబరిచే పని ప్రధానంగా కంప్రెసర్లది కాదు, ఒక పైపుది. ఆ పైపు రెండో కొస సముద్రంలో దాదాపు 900 మీటర్ల లోతున ఉంటుంది. పైన నీళ్ళు వెచ్చగా ఉన్నా అంత లోతులో 5 డిగ్రీలే. ఆ నీటిని పైకి లాగి, ఉప్పుకి తుప్పు పట్టని టైటానియం పలకల పక్క నుంచి పంపిస్తారు. పలకలకి అవతల వైపు మంచినీళ్ళు పారుతూ చల్లబడి, గదుల దాకా వెళ్ళి, అక్కడి వేడిని మోసుకుని తిరిగొస్తాయి. కరెంటు కావలసింది పంపులకే. ఏసీకి అయ్యే కరెంటులో 90 శాతం దాకా ఆదా అవుతుందని హోటల్ వాళ్ళు చెప్పుకుంటారు.

2014లో తహితికి ఉత్తరాన, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న తెతియారోవా అనే పగడపు దీవిలో 'ద బ్రాండో' తెరిచారు. మొత్తం 35 విల్లాలు. అవును, మార్లన్ బ్రాండో పేరే. 'మ్యూటినీ ఆన్ ద బౌంటీ' షూటింగుకి వచ్చి ఆ ప్రాంతం మీద మనసుపడి, 1960ల్లోనే ఆ దీవిని సంపాదించుకున్నాడు. ఆయన పోయిన పదేళ్ళకి వచ్చిన ఈ రిసార్టులో కూడా చల్లదనం సముద్రపు అడుగు నుంచే. పైగా సోలార్ ప్యానెళ్ళు, కొబ్బరినూనెతో నడిచే జనరేటర్లు.

2022లో అదే పద్ధతి తహితిలోని పెద్ద ప్రభుత్వాసుపత్రికి వచ్చింది. అదే సముద్రం, దాదాపు అదే లోతు.

ఈ మూడు సంవత్సరాల్నీ పక్కపక్కన రాసుకుంటే నన్ను ఆపేది ఆ వరస. ముందు హనీమూన్ జంటలు, తర్వాత హాలీవుడ్ అతిథులు, ఆ తర్వాత రోగులు. మొదటి పైపుకీ ఆసుపత్రి పైపుకీ మధ్య 16 ఏళ్ళు. పర్యావరణానికి మేలు చేసే విలాసం మంచిదా చెడ్డదా అనే ప్రశ్న మామూలుగా ఏ కాఫీ కబుర్లలోనో వస్తుంది, ఎటూ తేలకుండా పోతుంది. ఈ వరస దాన్ని కాస్త తేల్చగలిగే ప్రశ్నగా మారుస్తుందని నాకనిపిస్తుంది: చల్లదనం ముందు ఎవరికి? ఆ ముందూ వెనకల్ని ఎవరు నిర్ణయిస్తున్నారు?

ముందు ఎఫిషియెన్సీ సంగతి. నేను బీటెక్‌లో మెకానికల్ చదివి, చాలామందిలాగే సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాణ్ణి. థర్మోడైనమిక్స్ క్లాసులో విన్నవాటిలో ఇప్పటికీ గుర్తున్నది ఒకటుంది: ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. గదిలో వేడిని తోడి బయట పోస్తుంది, అంతే. ఒక యూనిట్ కరెంటు తిని మూడు యూనిట్ల వేడిని తోడిందనుకోండి, బయట పోసేది నాలుగు యూనిట్లు. తిన్న కరెంటు కూడా చివరికి వేడే కదా. ఎఫిషియెన్సీ అంటే ఎంత తిని ఎంత తోడింది అనే నిష్పత్తి. ఎవరి గదిలోంచి తోడింది, ఎవరి కిటికీ ముందు పోసింది అని అది అడగదు. అడగడం దాని పని కాదు కూడా.

పైగా ఈ నిష్పత్తి మెరుగుపడితే మొత్తం వాడకం తగ్గుతుందనే గ్యారంటీ లేదు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేస్తున్నకొద్దీ ఇంగ్లండులో బొగ్గు వాడకం పెరుగుతూ వచ్చిందని విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే రాశాడు. మా వృత్తిలో ఇది రోజూ చూసేదే. ఫోన్లలో మెమరీ పెరిగిందని యాప్‌లు తేలికవ్వలేదు, ఇంకా బరువెక్కాయి. చల్లదనం చవకైతే మనం ఇంకో గదిని చల్లబరుస్తాం. తర్వాత లాబీని, ఆ తర్వాత గోడల్లేని వరండాని కూడా.

అంచేత గ్రీన్ రిసార్టు అనగానే చాలామంది పెదవి విరుస్తారు. కారణం లేకపోలేదు. లాస్ ఏంజెలెస్ నుంచి తహితికి విమానంలో సుమారు 8 గంటలు. ప్యారిస్ నుంచైతే దాదాపు 16 వేల కిలోమీటర్లు. అక్కడి నుంచి మళ్ళీ చిన్న విమానంలో దీవికి. అంత ఇంధనం కాల్చి వచ్చి, గదిలో ఏసీ సముద్రపు నీటితో నడుస్తోందని సంతోషించడం, పెళ్ళిలో అయిదారు వందల మందికి వండిన విందు సగం పారబోసి, ప్లేట్లు మాత్రం విస్తరాకులే అని చెప్పుకోవడంలాంటిది.

కానీ ఈ విమర్శ దగ్గరే ఆగిపోతే ఆసుపత్రి లెక్కలోకి రాదు. అవతలివైపు వాదనకున్న బలమంతా ఆ ఆసుపత్రిలోనే ఉంది. కొత్త పద్ధతి ఏదైనా మొదట్లో ఖరీదు. పైపు తెగొచ్చు, పంపు ఆగొచ్చు. ఆ రిస్కు తీసుకోగలిగేది డబ్బున్నవాళ్ళే. మొదటి సెల్‌ఫోన్లు ఎవరి చేతుల్లో ఉండేవి, ఇవాళ ఎవరి చేతుల్లో ఉన్నాయి? అలాగే ధనికుల విలాసం ఒక ప్రయోగశాల, అక్కడ గట్టిపడ్డ పద్ధతి తర్వాత అందరికీ అందుతుంది, కాబట్టి ఆ రిసార్టుని తిట్టకండి, థాంక్స్ చెప్పండి అంటుంది ఈ వాదన. నా చుట్టూ ఉన్న ఇంజనీర్లలో చాలామంది నమ్మేది ఇదే. నాకూ ఇందులో నిజం కనిపిస్తుంది. తహితి ఆసుపత్రిలో ఆపరేషన్ అయి పడుకున్న మనిషికి, తన గది చల్లదనం వెనక బోరా బోరా హనీమూన్ల అనుభవం ఉంటే మాత్రం నష్టమేంటి?

అయితే ఈ వాదనలో చెప్పకుండా దాచుకున్న ఒక ఊహ ఉంది: విలాసం ముందు, అవసరం తర్వాత అనే వరస ప్రకృతి నియమం లాంటిదని. అది నిజం కాదని చెప్పడానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది.

లక్షద్వీప్‌లోని కవరత్తిలో తాగునీటికి కటకట. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, అంటే ఎన్ఐఓటీ, అక్కడ 2005లో ఒక ప్లాంటు పెట్టింది. సుమారు 350 మీటర్ల లోతు నుంచి చల్లటి నీటిని పైకి లాగుతారు. పైపైన ఉండే 28 డిగ్రీల నీటిని, గాలి తీసేసిన ట్యాంకులోకి పంపిస్తే, ఒత్తిడి తక్కువ కాబట్టి అందులో కొంత అంత తక్కువ వేడికే ఆవిరైపోతుంది. ఆ ఆవిరిని లోతునుంచి వచ్చిన చల్లటి నీటితో చల్లబరిస్తే మంచినీళ్ళు. రోజుకి లక్ష లీటర్లు ఇచ్చేలా కట్టారు.

బోరా బోరా కంటే ఏడాది ముందు. అదే ఊహ: సముద్రం అడుగున ఊరికే ఉన్న చల్లదనాన్ని పైకి తెచ్చి వాడుకోవడం. ఇక్కడ మాత్రం మొదటి కస్టమర్ బిందె పట్టుకున్న మనిషి. రిస్కు తీసుకున్నది ప్రభుత్వ ప్రయోగశాల, డబ్బు పెట్టింది జనం. అవసరం కూడా మొదటి కస్టమర్ కాగలదని కవరత్తి చెప్తోంది. కాకపోతే అందుకు ఎవరో పూనుకోవాలి. విలాసం ముందుండటం చాలాసార్లు ఇలా పూనుకునేవాళ్ళు లేకపోవడం వల్లే జరుగుతుంది. తర్వాత దానికి మనం ప్రయోగశాల అని మంచి పేరు పెట్టుకుంటాం.

రిసార్టు నుంచి బయటికొచ్చేది పద్ధతి ఒక్కటే కూడా కాదు. అలవాటు కూడా వస్తుంది. పద్ధతి ఆసుపత్రికి చేరడానికి 16 ఏళ్ళు పట్టింది. అలవాటు మనతోపాటు సూట్‌కేసులో అదే రోజు ఇంటికి చేరుతుంది. సౌఖ్యం అంటే ఇలా ఉండాలి అని మధ్యతరగతి నేర్చుకున్న బడి చాలావరకు హోటలే. తలుపు తీయగానే మొహానికి తగిలే చలి, జూన్ నెలలో దుప్పటి కప్పుకుని పడుకోవడం, ఇవి మా అమ్మమ్మ ఇంట్లో ఎవరికీ కావలసినవి కావు. ఒకసారి రుచి చూశాక కావలసినవయ్యాయి.

అసలు ఒంటికి కావలసిందెంత? ఆర్కిటెక్ట్, పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి 2008 వేసవిలో హైదరాబాదులో, ప్రధానంగా సహజమైన గాలి మీద నడిచే అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళని అడిగి, కొలిచి, ఒక అధ్యయనం చేశారు. వాళ్ళకి వేడీ కాదు చల్లా కాదు అనిపించింది సుమారు 29 డిగ్రీల దగ్గర. 26 నుంచి 32 దాకా సర్దుకోగలిగారు. అప్పటి మన ప్రమాణాల్లో రాసి ఉన్నదేమో 23 నుంచి 26. ఆ తేడా ఒంటి అవసరం కాదు, ఎక్కడో నేర్చుకున్నది. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ ఉన్న రూమ్ ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని నియమం పెట్టారు. మంచి నియమమే. కానీ రిమోట్ మన చేతిలోనే ఉంటుంది, రిసార్టులో నేర్చిన చలి కూడా మన ఒంట్లోనే ఉంటుంది.

అతిథికి ఇంకో పాఠం నేర్పే హోటల్ లేకపోలేదు. శ్రీలంకలో దంబుల్లా దగ్గర జెఫ్రీ బావా కట్టిన కందలామ హోటల్, 1990ల మొదట్లోది. కొండవాలుని పట్టుకుని దాదాపు కిలోమీటరు పొడవున సాగుతుంది. గదుల్లో ఏసీ ఉంది. కానీ గదుల్ని కలిపే దారులకి చాలాచోట్ల గోడల్లేవు. ఒక పక్క బండరాయి, ఇంకో పక్క తీగలు, మధ్యలో గాలి. గది నుంచి భోజనానికి వెళ్ళే మనిషికి కాస్త చెమట పడుతుంది, చినుకులు పడితే తడి తగులుతుంది. విలాసం అంటే బయటి వాతావరణం తెలియకుండా ఉండటం కాదు అని ఆ దారి చెప్తుంది. తహితి పైపు అడిగిన ప్రశ్న, ఇంత చల్లదనాన్ని తక్కువ కరెంటుతో ఎలా ఇవ్వాలి అని. బావా దారి అడిగింది, ఇంత చల్లదనం ఇక్కడ కావాలా అని. మన విశాఖ తీరానికి ఆ పైపు పద్ధతి కుదరదు. అంత లోతు దొరకాలంటే తీరం నుంచి పదుల కిలోమీటర్లు వెళ్ళాలి. రెండో ప్రశ్నని మాత్రం విశాఖలోనూ అడగొచ్చు, గచ్చిబౌలిలోనూ అడగొచ్చు.

అయితే ఈ ప్రశ్న ఎవరు ఎవర్ని అడుగుతున్నారో చూసుకోవాలి. 24 డిగ్రీల గదిలో కూర్చుని, ఒళ్ళు 32కి అలవాటు పడుతుందండీ అని రాయడం సులభం. 2015 వేసవిలో దేశంలో వడదెబ్బకి రెండు వేలమందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్ళే. వాళ్ళకి సర్దుబాటు గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఒళ్ళు సర్దుకోవడానికి ఒక హద్దుంది. ఆ హద్దు దాటాక చల్లదనం సౌఖ్యం కాదు, మందు. ఒకరికి మందు అయిన వస్తువు ఇంకొకరికి వినోదం అయినప్పుడు, ఎఫిషియెన్సీ లెక్క ఎంత బాగున్నా నైతికమైన లెక్క తెగదు.

మా అపార్ట్‌మెంట్‌లో అవుట్‌డోర్ యూనిట్లు కొన్ని సెల్లార్ పక్క సందులోకి తిరిగి ఉంటాయి. ఆ సందులోకే వాచ్‌మన్ గది కిటికీ. మే నెల రాత్రుళ్ళు ఆయన కుటుంబం ఆ కిటికీ మూసుకుని పడుకుంటుంది. ఇందాకటి నాలుగు యూనిట్ల వేడి వెళ్ళేది అక్కడికి. ఫైవ్ స్టార్ ఏసీ కొన్నవాళ్ళ ఇంట్లోంచి కాస్త తక్కువ వెళ్తుంది, నిజమే. కానీ అక్కడికే వెళ్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఎండని వెనక్కి కొట్టే తెల్లటి పూతల్లాంటివి పైకప్పులకి వేయించడం దాని సారాంశం. బోరా బోరా పైపు పక్కన పెడితే ఇది చాలా సాదా టెక్నాలజీ. ఏ పత్రికా దాని మీద కవర్ స్టోరీ రాయదు. కానీ రేకుల కప్పు కింద మధ్యాహ్నం పడుకోవలసిన మనిషి దగ్గర మొదలుపెట్టి ఆలోచిస్తే ముందు తట్టేది అదే.

గ్రీన్ రిసార్టుల్ని మూసేయమని నేననను. మామూలు రిసార్టు కంటే సముద్రపు నీటితో నడిచేది మేలు, అందులో అనుమానం లేదు. నాకు పేచీ ఉన్నది ఆ మేలుని పుణ్యంగా లెక్క రాసుకోవడంతో. తక్కువ కరెంటు వాడటం వాళ్ళ బిల్లు సంగతి. పుణ్యం సంగతి రావాలంటే వేరే విషయాలు అడగాలి. మీరు నేర్చుకున్నది పక్కనున్న ఆసుపత్రికి, బడికి ఎన్నేళ్ళలో చేరింది? చేరడానికి మీరేం చేశారు? మీ దగ్గర నాలుగు రోజులుండి వెళ్ళిన మనిషి ఇంటికెళ్ళి ఏసీని ఎంత మీద పెడతాడు? ఇంకొకటి, మామూలు రిసార్టుల్ని కూడా అడగాల్సింది: రోజుకి వందల దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికి ఇస్త్రీ చేసే మీ లాండ్రీ గదిలో మధ్యాహ్నం రెండింటికి ఎన్ని డిగ్రీలుంటుంది?

ఏ బ్రోషర్‌లోనూ ఆ అంకె నాకు కనిపించలేదు. మన నగరం చుట్టుపక్కల రిసార్టులకి టీమ్ ఔటింగులకీ పెళ్ళిళ్ళకీ వెళ్తూనే ఉంటాం. రిసెప్షన్‌లో అడిగి చూడండి.