వెల వాయిద్యానికే

వాయిద్యాల కొట్టుకు వెళ్లిన మనిషిని కొట్టువాడు చులకన చేస్తే ఆ మనిషి ఏం చేయాలి? భూమి, అడవి, చదువు, ఉద్యోగం లాంటి పెద్ద సమస్యలు ఉండగా ఇంత చిన్న ప్రశ్నకు ఒక వ్యాసం దేనికని కొందరు అడగవచ్చు. కానీ మన పిల్లలకు పట్నంలో మొదటి అవమానం పెద్ద కార్యాలయాల్లో ఎదురుకాదు. బస్సులోనో, హోటల్లోనో, కొట్టు కౌంటరు దగ్గరో ఎదురవుతుంది. అక్కడ నోరు పెగలని పిల్లవాడికి రేపు తహసీల్దారు ముందు పెగలడం కష్టం. అందుకే ఈ చిన్న ప్రశ్నను మనం పెద్దగానే ఆలోచించాలి.

మన గూడేల్లో వాయిద్యం అంగడి సరుకు కాదు. తెలిసిన చేతులు చేసినది, పెద్దలు అప్పగించినది. గోండు గూడేల్లో దండారికి గుమేల, డోలు, పెప్రె బయటికి తీస్తే ముందు పూజ జరుగుతుంది, తరువాతే వాయింపు. ప్రధానుల చేతిలో కీక్రీ ఉంటే అది ఒక్క మనిషి ఆస్తి కాదు, గోత్రాల కథలన్నీ దాని తీగల మీదే నడుస్తాయి. అరకు వైపు థింసాకు మోరి, కిరిడి, తుడుము, డప్పు కావాలి. కోయల డోలు మోగితేనే కొమ్ముల నాట్యం కదులుతుంది. ఈ వాయిద్యాల దగ్గర పెరిగిన పిల్లవాడికి ఒక సంగతి చిన్నప్పుడే తెలుస్తుంది: ముట్టుకుంటేనే వాయిద్యం పలుకుతుంది.

ఇప్పుడు కాలం మారింది. ఆశ్రమ పాఠశాల వార్షికోత్సవానికి హార్మోనియం కావాలి, ఢోలక్ కావాలి. పాటల బృందం పెట్టుకున్న కుర్రాళ్లకు గిటారు, కీబోర్డు కావాలి. వాటి కోసం విశాఖపట్నమో, రాజమండ్రో, ఖమ్మమో, ఆదిలాబాదో, హైదరాబాదో వెళ్లాలి. అక్కడి కొట్టులో మొదట వినిపించే మాట చాలాసార్లు ఇదే: "ముట్టుకోవద్దు."

మాలో కొందరం బడి కోసం హార్మోనియం, ఢోలక్ కొనడానికి ఒక పట్నం వెళ్లాం. ఇద్దరు ఉపాధ్యాయులు, ముగ్గురు కుర్రాళ్లు, డోలు వాయించడంలో తలపండిన ఒక తాత. తాత ఢోలక్ చర్మం మీద వేలు పెట్టబోతే కొట్టులోని అబ్బాయి "ఏయ్, ముట్టుకోకు" అన్నాడు. అదే నిమిషంలో పక్కనే ఉన్న ఇస్త్రీ చొక్కా ఆయనకు స్టూలు వేసి "కూర్చోండి సార్, వాయించి చూడండి" అన్నాడు. మేము హార్మోనియం ధర అడిగితే "మీ కొండోళ్లకి ఇదెందుకు? డప్పులు వెనక బజార్లో దొరుకుతాయి" అని నవ్వాడు.

"ఏయ్" అన్నందుకే ఇది అవమానమా? మన ఊళ్లలో చాలాచోట్ల పెద్దవాళ్లు అందరినీ "నువ్వు" అనే పిలుస్తారు. అధికారినీ అలాగే పిలుస్తారు. అందులో దగ్గరితనమే ఉంటుంది. కాబట్టి "నువ్వు", "మీరు" అనే మాటలను మాత్రమే పట్టుకుని అవమానాన్ని కొలవలేం. అసలు కొలబద్ద పోలిక. ఒకే నోరు, ఒకే నిమిషంలో, ఒకరిని "మీరు" అని మరొకరిని "ఏయ్" అంటే, ఒకరికి స్టూలు వేసి మరొకరి చేయి ఆపితే, అక్కడ అవమానం జరిగినట్టే.

ఆ అబ్బాయి మాటల్లో మూడు నమ్మకాలు దాగి ఉన్నాయి. వీళ్ల దగ్గర డబ్బు లేదు. వీళ్లకు వాయిద్యం గురించి తెలియదు. వీళ్లది సంగీతం కాదు. ఈ మూడింటినీ విడదీసి చూడాలి. ఎందుకంటే మూడింటికీ జవాబు ఒకటి కాదు.

డబ్బు సంగతి ముందు చూద్దాం. డబ్బు ఉందని చూపిస్తే సరిపోతుందని మన కుర్రాళ్లు కొందరు అనుకుంటారు. పంతానికి అన్నిటికన్నా ఖరీదైనది కొని తెచ్చుకుంటారు. ఇందులో ఒక మోసం ఉంది. డబ్బు చూపించాక దొరికిన మర్యాద ఆ నోటుకు దక్కుతుంది. పైగా కొట్టువాడి నమ్మకం అలాగే మిగిలిపోతుంది: డబ్బు లేనివాణ్ణి తోసెయ్యవచ్చని. రేపు ఖాళీ జేబుతో మన తమ్ముడే అక్కడికి వెళ్తే ఏమవుతుంది? జర్మనీ తత్వవేత్త కాంట్ 1785లో వచ్చిన తన పుస్తకంలో ఒక విభజన చేశాడు. ధర ఉన్న వస్తువు స్థానంలో దానికి సమానమైన మరొకటి పెట్టవచ్చు. మనిషి అలా కాదు, అతని స్థానంలో పెట్టదగినది మరొకటి లేదు, అతనికి ఉన్నది గౌరవం. కొట్టులో ప్రతి వాయిద్యానికీ చీటీ వేలాడుతుంది. లోపలికి వచ్చిన మనిషి మెడలో చీటీ లేదు. కొన్నా, కొనకపోయినా అతనికి రావలసిన మర్యాద ఒకటే.

ఇక తెలివి సంగతి. చర్మం ఎంత బిగువుగా ఉందో, ముసురు పట్టిన రోజు అది ఎలా పలుకుతుందో, ఎంత సెగ చూపిస్తే మళ్లీ లేస్తుందో ఆ తాతకు వేలి కొసన తెలుసు. కొట్టులోని అబ్బాయికి తెలిసింది చీటీ మీది అంకె. కానీ తాత తెలివి ఆ కౌంటరు దగ్గర చెల్లలేదు. ఎందుకంటే ఆ తెలివికి చొక్కా లేదు, ఆ భాష లేదు. తెలిసినవాడు తెలియనివాడి ముందు తలవంచుకోవలసి రావడం డబ్బు నష్టం కన్నా పెద్ద నష్టం. ఇది చూసిన కుర్రవాడు రేపు తాత దగ్గర డోలు నేర్చుకోవడానికి సిగ్గుపడతాడు. మనకు అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

మూడోది, సంగీతంలో ఎక్కువ తక్కువలు. హార్మోనియం పెద్ద వాయిద్యమని, డప్పు వెనక బజారు సరుకని ఆ అబ్బాయి అనుకున్నాడు. హార్మోనియం చరిత్ర అతనికి ఎవరూ చెప్పి ఉండరు. అది 19వ శతాబ్దంలో ఐరోపాలో పుట్టి మన దేశానికి వచ్చిన పెట్టె. మన రాగాల గమకాలు దాని మెట్ల మీద పలకవని 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది. 1971లో గాని ఆ కట్టు సడలడం మొదలుకాలేదు. ఈ రోజు గాజు అల్మారాలో కూర్చున్న వాయిద్యాన్ని ఒకప్పుడు రేడియో గడప బయటే నిలబెట్టారు. ఇంకోవైపు, గుస్సాడీ ఆటకు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. డోలు కొట్టి కోయల వీరగాథలు పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. పద్మశ్రీ వచ్చింది కాబట్టే మన వాయిద్యం గొప్పదని మేము అనడం లేదు. ఏ వాయిద్యమూ పుట్టుకతో పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. పీట వేసేది మనుషులు, తీసేసేదీ మనుషులే.

అవమానం జరిగిన క్షణంలో ఏం చేయాలన్నది మిగిలిన ప్రశ్న. మన ముందు మూడు దారులు కనిపిస్తాయి: సహించడం, తిరిగి తిట్టడం, బయటికి నడవడం.

బుద్ధుడి గురించి ఒక కథ ఉంది. ఒకడు వచ్చి ఆయన్ను తిట్టాడట. ఇంటికి వచ్చిన చుట్టం నీ అన్నం ముట్టకపోతే ఆ అన్నం ఎవరిది అని బుద్ధుడు అడిగాడట. నాదే అన్నాడు వాడు. అలాగే నీ తిట్టు నేను పుచ్చుకోలేదు, అది నీ దగ్గరే ఉంది అన్నాడట. ఒంటరి మనిషి మనసు కాపాడుకోవడానికి ఇంతకన్నా మంచి మందు లేదు. కొట్టువాడి మాట మన విలువను తగ్గించలేదు, మనం లోపలికి తీసుకుంటే తప్ప.

అయితే ఈ మందు అన్ని జబ్బులకూ పనిచేయదు. "మీ కొండోళ్లకి" అన్న మాట ఒక్కరికి చెందదు. అది గూడెం మొత్తాన్ని అన్న మాట. నేను పుచ్చుకోలేదు అని నేను వచ్చేస్తే, రేపు అదే మాట మరొకరి చెల్లెలికి ఎదురవుతుంది. నా మనశ్శాంతి కోసం నేను మౌనంగా ఉండవచ్చు. కానీ అందరి తరఫున మౌనంగా ఉండే హక్కు నాకు లేదు. కాబట్టి ఆ మాట దగ్గర జవాబు చెప్పి తీరాలి. జవాబు అంటే కేక కాదు. "ఆయనతో మాట్లాడినట్టే మాతోనూ మాట్లాడు. మేమూ వాయించి చూశాకే కొంటాం" అంటే చాలు. గొంతు పెంచితే మాట పోయి గొడవ మిగులుతుంది. గొడవలో ఎవరి మాట చెల్లుతుందో మనకు తెలుసు.

ఈ జవాబు వెనక చట్టం కూడా ఉంది. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం కొట్లలోకి, హోటళ్లలోకి వెళ్లడానికి కులం, జాతి, పుట్టిన చోటు అడ్డు కాకూడదని చెప్పింది. పదిమందీ చూసే చోట ఎస్సీ, ఎస్టీ మనిషిని కించపరచాలనే ఉద్దేశంతో అవమానించడం, కులం పేరుతో తిట్టడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరాలు. అంతమాత్రాన ప్రతి మొరటు మాటా నేరం కాదు. చిన్న కత్తి చాలిన చోట గొడ్డలి ఎత్తకూడదు. 2019 నాటి వినియోగదారుల చట్టం మర్యాద గురించి మాట్లాడదు గాని, సరుకు నాణ్యత, ధర తెలుసుకునే హక్కు కొనేవాడికి ఉందని చెబుతుంది. వాయించి చూపించమని అడగడం దేబిరించడం కాదు, ఆ హక్కును వాడుకోవడమే. బిల్లు అడగాలి. మోసం జరిగితే 1915 అనే నంబరుకు ఫోను చేయవచ్చు.

కౌంటరు దగ్గర మనకూ వ్యాపారికీ ఎన్నడూ సమానం లేదని పాత ప్రభుత్వాలకూ తెలుసు. ఏజెన్సీలో వడ్డీలకూ, భూమి చేతులు మారడానికీ కట్టడి పెడుతూ 1917లోనే చట్టం వచ్చింది. ప్రైవేటు వ్యాపారుల చేతిలో మోసపోకుండా 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. సంతలో తూకం తగ్గించడం, పట్నంలో మర్యాద తగ్గించడం ఒకే కొమ్మకు కాసిన కాయలు. ఎదుటి మనిషి లెక్క అడగడు అన్న ధైర్యమే రెండింటికీ వేరు.

ఇంత చెప్పాక ఆ అబ్బాయి వైపు కూడా చూడాలి. పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడి పనిచేసే జీతగాడు అతను. వాయిద్యం గీత పడితే తన జీతంలోంచి కోస్తారన్న భయం ఉండవచ్చు. ఎవరికి స్టూలు వేయాలో, ఎవరి చేయి ఆపాలో యజమాని చూపుల్లోంచి నేర్చుకుని ఉంటాడు. అందువల్ల అతని తప్పు ఒప్పు అయిపోదు. కానీ మన కోపం ఎంత దూరం వెళ్లాలో, ఎక్కడ ఆగాలో అది చెబుతుంది. అబ్బాయితో ఒక మాట, యజమానితో రెండు మాటలు మాట్లాడటం న్యాయం. అతని పుట్టుకను, చదువును, బీదతనాన్ని ఎత్తిపొడిస్తే మనం ఏ కర్రతో దెబ్బ తిన్నామో అదే కర్ర ఎత్తినట్టు.

మేము ఆ రోజు ఢోలక్ కొనలేదు. యజమానిని పిలిచి జరిగింది చెప్పి, పక్క వీధిలో ఉన్న మరో కొట్టుకు వెళ్లాం. అక్కడి పెద్దాయన తాతకే ముందు ఢోలక్ అందించాడు. తాత అంచు చుట్టూ వేళ్లతో తట్టి, ఒకచోట పలుకు తేడాగా ఉందని చెప్పి, మరొకటి తీయించాడు. పెద్దాయన ఒప్పుకున్నాడు. బేరం కూడా హాయిగా సాగింది. అన్ని కొట్లూ ఒకటి కాదన్నది కూడా మన పిల్లలకు చెప్పవలసిన సత్యమే. పట్నమంతా శత్రువే అనుకుంటే మన దారులు మనమే మూసుకున్నట్టు.

ఉపాధ్యాయులకు మా మనవి ఇది. వాయిద్యం కొనడానికి పిల్లలను కూడా తీసుకువెళ్లండి. ముందుగా బడిలోనే నేర్పండి: హార్మోనియం తిత్తి నింపి, మెట్లు నొక్కకుండా వదిలితే గాలి ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. ఒక్కో మెట్టూ నొక్కి వినాలి. ఢోలక్ కట్టెలో పగుళ్లు వెతకాలి. గిటారు ప్రతి తీగనూ ప్రతి మెట్టు దగ్గరా నొక్కి, జర్రుమంటుందేమో వినాలి. రెండు కొట్లలో ధర అడిగాకే మూడో మాట మాట్లాడాలి. ఇంత తెలిసిన పిల్లవాడి గొంతు వణకదు. ఊరి డోలు పెద్దను బడికి పిలిచి, ఆ హార్మోనియం పక్కనే ఆయనకు పీట వేయండి. పిల్లలు చూస్తారు. ఎవరికి పీట వేయాలో వాళ్లూ నేర్చుకుంటారు.

యువతకు ఒక ప్రశ్న వదులుతున్నాం. రేపు మీలో ఒకరు వాయిద్యాల కొట్టు పెట్టవచ్చు, పెట్టాలని మా కోరిక. ఆ కొట్టుకు చెప్పులు లేని కాళ్లతో, పట్టుమని వంద రూపాయలు లేని ఒక ముసలాయన వచ్చి గోడకు వేలాడే ఢోలక్ వైపు చేయి చాపుతాడు. అప్పుడు మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏమిటి?