బంధుపంక్తి – శరణపంక్తి

శ్రీ గురు బసవలింగాయ నమః

కార్తికమాసము శివునకు ప్రీతికరము. ఈ మాసమున చెట్ల నీడను, చెరువుల ఒడ్డున బంధుమిత్రులతో కూడి భుజించుట తెలుగునాట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. నెల్లూరు జిల్లా పడమటి సీమలో ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల వారికి ఇందులకు తగిన తావు సోమశిల. పెన్నానది కొండల నడుమనుండి వెలువడి మైదానమున అడుగిడు ఆ చోట 78 టి.ఎం.సి.ల నీటిని నిలుపగల జలాశయము కలదు. చెంతనే సోమేశ్వరుడు వెలసియున్నాడు.

ఒకప్పుడు ఒక్క లోగిలిలో పెరిగినవారు నేడు హైదరాబాదున ఒకరు, బెంగుళూరున ఒకరు, చెన్నపట్టణమున ఒకరుగా బ్రతుకుచున్నారు. సంవత్సరమునకు ఒక్కమారైనను అందరు కలియవలెనను కోరిక సహజము. అందుచే కొన్ని కుటుంబములవారు కార్తికమున ఒక శని, ఆదివారములు ఏర్పరచుకొని, నీటియొడ్డున ఒక పెంకుటింటిని కుదుర్చుకొని, రెండు దినములు కలిసి గడపుచున్నారు. ఉదయగిరి మెట్టభూములవారు రాగిపిండి, సజ్జలు, నువ్వులు, ఉలవలు తెత్తురు. ఆత్మకూరు మాగాణులవారు బియ్యము, బెల్లము, నేయి తెత్తురు. స్త్రీలు గోగాకు పచ్చడి నూరుదురు; భక్ష్యములు చేయుదురు. పెద్దవారికి సంగటియు ఉలవచారును, పిల్లలకు పులిహోరయు సిద్ధమగును. ప్రాతఃకాలమున స్నానము, విభూతిధారణము, ఇష్టలింగపూజ, మధ్యాహ్నమున పంక్తిభోజనము, సాయంకాలమున దీపములు, శివనామస్మరణము. చూచువారికి కన్నులపండువు. ఇట్టి కలయిక మెచ్చదగినదే.

అయినను వీరశైవుడైనవాడు ఇచ్చట ఒక ప్రశ్న వేసికొనవలసియున్నది. ఆ విస్తరిలో వడ్డింపబడినది భోజనమా, ప్రసాదమా?

మన మతమున ఈ రెండింటికిని భేదము కలదు. అష్టావరణములలో ప్రసాదము ఒకటి. షట్‌స్థలములలో భక్త, మహేశ స్థలముల తరువాతిది ప్రసాదిస్థలము. ఇష్టలింగమునకు అర్పింపబడిన పదార్థము ప్రసాదమగును. అర్పణమనగా గిన్నెను లింగమునకు చూపి తీసికొనుట మాత్రమే కాదు. “ఇది నాది” అను అహంకారమును, “వాడు నావాడు కాడు” అను ద్వేషమును కూడ ఆ లింగమునకు ఒప్పగింపవలయును. ఆ రెండును మనస్సున దాచుకొని అన్నమును మాత్రము అర్పించినచో అర్పణము సగమే జరిగినది.

ఒక దృష్టాంతమును గైకొందము. ఒక కుటుంబమువారు ఇట్లే సోమశిలయొడ్డున కూడినారనుకొనుడు. నాలుగు తరములవారు, నలుబది మంది. అందరికిని వాట్సాప్‌లో పిలుపులు పోయినవి. ఒక్క ఆడుబిడ్డకు మాత్రము పోలేదు. ఆమె తొమ్మిది సంవత్సరముల క్రిందట అన్యకులస్థుని వివాహమాడినది. ఆనాటినుండి ఆమె పేరు ఆ ఇంట ఎత్తరు. ఆ వాట్సాప్ బృందమున ఆమె పేరు లేదు. గోడమీద చిత్రపటములలో ఆమె చిన్ననాటి ముఖము మాత్రము మిగిలినది.

పంక్తి సాగినది. అందరును తృప్తిగా భుజించుచున్నారు. ఆ ఆడుబిడ్డ కన్నతల్లి మాత్రము తనకు ఆకలిగా లేదని వంటయింటిలోనే నిలిచిపోయినది. ఎవరును బలవంతపెట్టలేదు. కారణము అందరికిని తెలియును గనుకనే ఎవరును అడుగలేదు. ఇట్టి ఇల్లు ఒకటి రెండు కాదు. చదువరులలో ఎందరికో ఇట్టి తల్లి తెలిసియేయుండును.

పెద్దలను నిందించుట తగదు. వారి మాటలను కూడ ఆలకింపవలయును. “ఆమెను పిలిచినచో ఆచారము చెడును” అని ఒకరందురు. “తక్కిన ఆడపిల్లలకు సంబంధములు రావు” అని మరియొకరందురు. రెండవ మాటలో దుష్టత్వము లేదు, భయమే ఉన్నది. భయమునకు సమాధానము ధైర్యము. మొదటి మాటకు మాత్రము శాస్త్రమే సమాధానము చెప్పగలదు.

ఆచారమనగానేమి? మనకు పంచాచారములు విధింపబడినవి. ఇష్టలింగమునందు నిష్ఠ లింగాచారము. ధర్మార్జితమగు కాయకముచే జీవించుట సదాచారము. శివభక్తులందరియందును హెచ్చుతగ్గులెంచక సమభావముతో మెలగుట శివాచారము. భక్తగణమునకు హాని కలిగినపుడు నిలిచి కాపాడుట గణాచారము. అందరికంటె తాను చిన్నవాడనని సేవకభావముతో నుండుట భృత్యాచారము. ఈ అయిదింటిలో కన్నబిడ్డను గడపయవతల నిలుపుమని చెప్పినది ఏది? వెదకినను దొరకదు. పైగా ఆమెను వెలివేయుటచే శివాచారమునకును, భృత్యాచారమునకును భంగము కలుగుచున్నది. ఆచారమును కాపాడుచున్నామను పేరిట ఆచారమునే విడుచుచున్నాము.

మన సమాజము ఎట్లు పుట్టినదో స్మరింపుడు. 12వ శతాబ్దిలో కల్యాణ పట్టణమున బసవేశ్వరుని చుట్టు చేరినవారు ఒక్క కులమువారు కారు. మాచయ్య చాకలి. చౌడయ్య పడవ నడుపువాడు. కక్కయ్య తోళ్ల పని చేయువాడు. బసవేశ్వరుడు బ్రాహ్మణకుటుంబమున జన్మించినవాడు. అల్లమప్రభువు అధ్యక్షుడుగా అనుభవమంటపమున వీరందరును ఒక్కచోట కూర్చుండిరి. వారిని కలిపినది జన్మము కాదు, దీక్ష. హరళయ్య చెప్పులు కుట్టువాడు, మధువరసు బ్రాహ్మణమంత్రి. ఇద్దరును శరణులైన పిమ్మట ఒకరి కుమారునకు మరియొకరి కుమార్తెనిచ్చి వివాహము జరిపిరని శరణపరంపర చెప్పుచున్నది. బిజ్జలుడు ఆ తండ్రులిద్దరిని క్రూరముగా శిక్షించెను, కల్యాణము అల్లకల్లోలమయ్యెను. ఆ వివాహము కొరకు ప్రాణములర్పించినవారిని మనము పూజించుచున్నాము. అట్టి వివాహమే మన ఇంట జరిగినపుడు తలుపు మూయుచున్నాము. ఈ రెండును పొసగునా?

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున మాదర చెన్నయ్య కథ చెప్పియున్నాడు. చెన్నయ్య గడ్డి కోసి తెచ్చి బ్రతుకు పేదవాడు. తన భక్తిని ఎవరికిని తెలియనీయక, తాను త్రాగు అంబలినే శివునకు అర్పించుచుండెను. చోళరాజు కరికాలుడు శివునకు ప్రతిదినము రాజోచితమగు నైవేద్యమును సమర్పించుచుండెను. ఒకనాడు శివుడు చెన్నయ్యతో కూడి అంబలి ఆరగించి, రాజు నైవేద్యమును ముట్టడయ్యెను. కారణమెరిగి రాజు చెన్నయ్యను వెదకికొని పోయి మ్రొక్కెను. ఈ కథలో గ్రహింపదగినది ఒకటి కలదు. రాజు వంటలో లోపము లేదు. శివుడు మాత్రము రాజునకు కనబడని మూలకు పోయి భుజించెను. మనము ఎవరిని మరచితిమో వారి దగ్గరనే ఆయన ఆనాడు ఉండును. నలుబది మంది పంక్తిలో శివుని వెదకువారు ముందుగా వంటయింటిలో నిలిచిన ఆ తల్లి దగ్గర వెదకవలయును.

ఇంకొక విషయము. ఆ పంక్తిలో సంగటి వడ్డించిన చెక్కగరిటె ఉదయగిరిది. ఆ కొండలలోని కర్రతో అట్టి గరిటెలు చెక్కువారు తరతరములుగా ఉదయగిరిలోని ముస్లిము కుటుంబములవారు. బియ్యము పండించినవారెవరో, ఉలవలు నూర్చినవారెవరో, కుండ చేసినవారెవరో మనము అడుగలేదు. ఇందరి చేతులు తగిలిన అన్నము మనకు పనికివచ్చినది. మన చేతులలో పెరిగిన బిడ్డ మాత్రము పనికిరాకపోయినది.

ఎదుటనున్న నీటిని చూడుడు. పెన్న కర్ణాటకములోని నందికొండలలో పుట్టినది. తెలుగుగంగ మార్గమున కృష్ణానదీజలము కూడ ఈ జలాశయమునకు వచ్చి, ఇచ్చటినుండి కండలేరునకును, అచ్చటినుండి చెన్నపట్టణమునకును పోవుచున్నది. ఆ కృష్ణ కూడలసంగమమును తాకి వచ్చినది. బసవేశ్వరుడు లింగైక్యమొందినది అచ్చటనే. శ్రీశైల మల్లికార్జునుని పాదములచెంతనుండి వచ్చినది. చెన్నపట్టణము కృష్ణయొడ్డున లేదు. ఆ నీటిపై దానికి జన్మముచే వచ్చిన హక్కు లేదు. అయినను దాహము తీర్చవలెనని మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు ఒక్కొక్కటి తన వంతులోనుండి 5 టి.ఎం.సి.లు, మొత్తము 15 టి.ఎం.సి.లు ఇచ్చుటకు 1976లో అంగీకరించినవి. ఈ జలాశయము కొరకు కడప జిల్లాలోని అనేక గ్రామములవారు తమ ఇండ్లను, పొలములను నీటికి విడిచిపెట్టినారు. దాసోహమను మాటకు ఇంతకంటె ప్రత్యక్షమగు అర్థమెక్కడ? పరాయి ఊరి దాహమునకై పొత్తు కుదిరిన నీటియొడ్డున కూర్చుండి, కన్నబిడ్డకు ఒక విస్తరి వేయుటకు వెనుదీయుట ఏమి న్యాయము?

ఏమి చేయవలయును? చేయవలసినది కొంచెమే. కుటుంబమున పెద్దవాడైనవాడు తానే ముందడుగు వేయవలయును. పిన్నలచేత కబురంపరాదు. ఫోను చేసి ఊరకుండరాదు. విభూతిపండు, పండ్లు తీసికొని ఆమె ఇంటికి పోయి, “అమ్మా, ఈ కార్తికమునకు నీవును, అల్లుడును, పిల్లలును రావలెను” అని చెప్పవలయును. జరిగినదానిని త్రవ్వరాదు, క్షమాపణము కోరుమని అడుగరాదు. వచ్చినపుడు పంక్తి చివర కూర్చుండబెట్టక, తల్లి ప్రక్కన కూర్చుండబెట్టవలయును. అల్లుడు దీక్ష కోరినచో గురువు కలడు. కోరనిచో అతడు అతిథి. అతిథికి అన్నము పెట్టుటకు దీక్ష అడిగిన దాసోహము ఎచ్చటను లేదు. ఇక పెండ్లికావలసిన ఆడపిల్లల మాట: చెల్లెలిని వెలివేసిన ఇంటికంటె, ఆమెను చేరదీసిన ఇంటినే మెచ్చు సంబంధము మంచి సంబంధము.

ఆమె మొదటిసారి రాకపోవచ్చును. తొమ్మిదేండ్ల నొప్పి ఒక్క పిలుపుతో తీరదు. మరల పోవలయును. భృత్యాచారమనగా అదియే.

చదువరులారా! రానున్న కార్తికమునకు ఇంకను వ్యవధి యున్నదని తలంపకుడు. ఆ తల్లులలో పలువురు వృద్ధులు. వారు ఎన్ని కార్తికములు చూతురో ఎవరెరుగుదురు? ఏ ఇంట ఒక పేరు ఎత్తుట మానినారో, ఆ ఇంట నేటి సాయంకాలము లింగపూజానంతరము ఆ పేరు ఎత్తుడు. ఆ తల్లి ఆకలి తీరిననాడు మీ అన్నము ప్రసాదమగును. మీ బంధుపంక్తి శరణపంక్తి యగును.

శరణు శరణార్థి.