చదువుకి చదివింపులు

మన పెళ్ళిళ్ళలో ఓ మూల చిన్న బల్ల వేసుకుని, ముందు ఓ నోటుపుస్తకం పెట్టుకుని కూచునే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు, గమనించారా? చదివింపులు రాసుకునే ఆయన. "ఫలానావారు నూట పదహార్లు" అని గట్టిగా చదివి మరీ రాసుకుంటాడు. కవర్లు వచ్చాక పట్నాల్లో ఆ చదవడం తగ్గింది గాని, ఆ పుస్తకం మాత్రం ఇంకా పోలేదు. పెళ్ళయ్యాక దాన్నెవరూ పారెయ్యరు. బీరువాలో పట్టుచీరల అడుగున దాస్తారు. అవతలివాళ్ళింట్లో శుభకార్యం వచ్చినప్పుడు బయటికి తీసి, వాళ్ళు మనకెంత చదివించారో చూసి, దానిమీద ఇంకో పది కలిపి చదివించి వస్తారు. ఇదేం ప్రేమండీ, చిట్టా ఆవర్జా కాకపోతే అని నవ్వేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ పుస్తకమంటే గౌరవం. పుచ్చుకున్నవాడు తలెత్తుకు తిరగడానికి మన పెద్దవాళ్ళు చేసిన ఏర్పాటది. ఇవాళ తీసుకున్నాను, రేపు ఇస్తాను, ఈ మధ్యలో నేనెవరికీ లోకువ కాను.

ఇళ్ళ సంగతి సరే. దేశాలు దేశాలకీ, యూనివర్సిటీలు యూనివర్సిటీలకీ ఇచ్చుకునే డబ్బుకి ఇలాంటి పుస్తకం ఎక్కడుంటుంది? వాళ్ళు మన చదువులు బాగుచెయ్యడానికి గ్రాంటు ఇస్తే, బదులుగా మనం చదివించేది ఏమిటి? ఈ మధ్య నన్ను పీడిస్తున్న ప్రశ్న ఇది.

ఇందులో ఒక పాతకథ ఉంది. 1954లో అమెరికావాళ్ళొక చట్టం చేశారు. లోకమంతా దాన్ని పి.ఎల్. 480 అనే పిలిచింది. వాళ్ళ రైతులు పండించిన గోధుమలు తినగా అమ్మగా ఇంకా గాదెల్లో మూలుగుతున్నాయి. మనకేమో తిండికి కటకట, కొనడానికి డాలర్లు లేవు. సరే, మీ రూపాయల్లోనే కట్టండి, వాటిని మీ దేశంలోనే ఉంచి ఖర్చు పెట్టుకుంటాం అన్నారు. అలా పోగుపడిన సొమ్ములో చాలా భాగం వదులుకుంటూ 1974 ఫిబ్రవరిలో వాళ్ళ రాయబారి మొయినిహాన్ మన ప్రభుత్వానికి ఒక చెక్కు రాసిచ్చాడు. దానిమీద అంకె 1,664 కోట్ల రూపాయలు! అంత పెద్ద చెక్కు అంతకుముందెవరూ రాయలేదని గిన్నిస్ పుస్తకంలోకి కూడా ఎక్కింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ గోధుమలు ఎందరి కడుపులో నింపాయి. అలాగని వాళ్ళ పంటలో మిగులు లేకపోతే ఆ దయ పుట్టేదా అంటే, అనుమానమే.

చదువుకి సంబంధించిన ముచ్చట ఇక్కడినుంచి. ఆ గోధుమ రూపాయల్లో కొన్ని హైదరాబాదొచ్చి పుస్తకాలయ్యాయి. 1964లో ఉస్మానియా ఆవరణలో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ వెలిసింది. అమెరికా సాహిత్యం, చరిత్ర చదువుకోవాలనుకునే పరిశోధకులు దేశం నలుమూలలనుంచీ అక్కడికొచ్చి, వారాల తరబడి ఉండి చదువుకుని వెళ్ళేవారు. కొందరికి ఖర్చులు కూడా ఇచ్చేవారు. నేను బి.ఏ. చదివే రోజుల్లో ఒకసారి మా లెక్చరరుగారి వెంట వెళ్ళి చూశాను. అప్పటికే ఆ ఇంటి వైభవం కొంత తగ్గిందన్నారు. అయినా బీరువాల మధ్య నడుస్తుంటే, ఒక దేశం తన ఆలోచనంతా అట్టలు కట్టించి మన ఊరికి పంపిందే అనిపించి కళ్ళు తిరిగాయి.

మరి అదే సొమ్ములో ఇంకొన్ని రూపాయలు ఎటు పోయాయో తెలుసా? 1962 నుంచి వాళ్ళ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌వాళ్ళు ఢిల్లీలో ఆఫీసు పెట్టి, మన దేశంలో అచ్చయ్యే పుస్తకాలు కొని వాళ్ళ యూనివర్సిటీలకి పంపడం మొదలుపెట్టారు. అన్ని భాషలతోపాటు తెలుగూ వెళ్ళింది. 1960లలో వారపత్రికల్లో సీరియళ్ళుగా వచ్చి, మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక మన అమ్మలూ అమ్మమ్మలూ పడుకుని చదివిన నవలలు ఓడెక్కి షికాగో, విస్కాన్సిన్ చేరాయి. ఇంట్లో మగవాళ్ళు వంటింటి సాహిత్యమని వెక్కిరించిన పుస్తకాలకి అక్కడ నంబర్లు వేసి, చెదలు పట్టకుండా దాచారు. ఆనాటి నవల ఏదైనా కావాలంటే మా ఊరి శాఖా గ్రంథాలయంలో దొరకదు, అట్ట కూడా మిగల్లేదు. అమెరికాలో ఉన్న స్నేహితురాలికి ఫోను చేస్తే అక్కడి లైబ్రరీలోంచి తీసి చూసి చెబుతుంది. నవలలు రాసి బతికేదాన్ని కాబట్టి ఇది తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది.

ఇంతకీ చివరికేమైంది? రూపాయల ఊట ఎండిపోయాక అక్కడి యూనివర్సిటీలు తమ జేబులోంచి డబ్బులు వేసుకుని పుస్తకాలు తెప్పించుకోవడం కొనసాగించాయి. ఢిల్లీ ఆఫీసు ఇప్పటికీ ఉంది. ఇక్కడ మాత్రం 1990లలో అమెరికా సాయం సన్నబడేసరికి ఆ సెంటరుకి కష్టకాలం వచ్చింది. పేరు మారింది, రూపం మారింది, చివరికి ఉస్మానియా తన కిందికి తీసుకుంది. గోధుమలు ఒకటే, రూపాయలు ఒకటే. అవసరం ఎవరిదో అన్న తేడా మాత్రం ఉంది. వాళ్ళు మన పుస్తకాలు అడిగి మరీ తెప్పించుకున్నారు. ఇక్కడికి వచ్చినవి మనం అడిగినవి కావు, వాళ్ళు చూపించదలుచుకున్నవి. మంచివే, కాదనను. అతిథి తెచ్చిన మిఠాయిలాంటివి. తిన్నాం, బాగుందన్నాం, మళ్ళీ మనం వండుకోలేదు.

అలాగని పైవాళ్ళ సాయం ఏదీ నిలబడదనుకుంటే అది కూడా తప్పే. ఐఐటీలు చూడండి, ఒక్కో పిల్లకి ఒక్కో మేనమామ అన్నట్టు, బొంబాయికి రష్యా, మద్రాసుకి పశ్చిమ జర్మనీ, కాన్పూరుకి అమెరికా, ఢిల్లీకి ఇంగ్లండు. కాన్పూరుకి అమెరికాలోని తొమ్మిది సంస్థలు కలిసి 1962 నుంచి 1972 దాకా పదేళ్ళు తోడున్నాయి. గడువు కాగానే వాళ్ళు వెళ్ళిపోయారు, కాలేజీ నిలబడింది. గోడలకీ జీతాలకీ డబ్బు మొదటినుంచీ మనదే కదా మరి.

మన రాష్ట్రంలో జరిగిన ముచ్చట నాకింకా ఇష్టం. కాన్సస్ స్టేట్ యూనివర్సిటీవాళ్ళు ఏళ్ళ తరబడి ఇక్కడ పనిచేశారు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు ఆ నమూనా వాళ్ళదే. పాఠం చెప్పడం, పరిశోధన చెయ్యడం, దాన్ని రైతు గట్టుదాకా తీసుకెళ్ళడం, మూడూ ఒకే కప్పు కింద ఉండాలన్నది దాని సారం. కాన్సస్ అంటే గోధుమల దేశం, మనది వరి. ఆ వచ్చిన పెద్దమనుషులు మన బురద మళ్ళలో దిగి ఏమనుకున్నారో గాని, వాళ్ళు వెళ్ళిపోయిన చాలా ఏళ్ళకి, 1986లో, బాపట్లనుంచి ఒక వరి విడుదలైంది. బి.పి.టి. 5204. మన ఇళ్ళలో సాంబా మసూరి అంటాం. దాని తల్లిదండ్రుల్ని చూస్తే ఒకటి తైవానుది, ఒకటి మలేషియాది, ఒకటి మన పాత దక్షిణాది రకం. ఇంతకన్నా అంతర్జాతీయ భాగస్వామ్యం ఇంకేముంటుంది? అయితే, గింజ సన్నగా ఉండాలి, అన్నం పొడిపొడిగా రావాలి, దిగుబడీ తగ్గకూడదు అన్న ప్రశ్న మాత్రం మనది. ఏ గ్రాంటువాడూ వేసి ఇచ్చింది కాదు. ఆ ప్రశ్న వెనకాల పప్పూ పచ్చడీ కలుపుకు తినే ఇన్ని లక్షల నోళ్ళున్నాయి.

ఇచ్చేవాడి చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుందన్నది కూడా భ్రమే లెండి. విదేశాలకి ఇలాంటి సాయాలందించిన యు.ఎస్. ఎయిడ్ సంస్థనే 2025లో వాళ్ళ ప్రభుత్వం మూసేసింది. ఆ సొమ్ముతో అదే కాన్సస్ యూనివర్సిటీలో నడిచిన పరిశోధనా కేంద్రాలు కూడా ఆ ఏడాదే ఆగిపోయాయి. మనకి దానం చేసినవాళ్ళు కూడా ఇంకొకరి జేబు చూసి బతికినవాళ్ళేనన్నమాట.

కయ్యానికైనా వియ్యానికైనా సమఉజ్జీ ఉండాలంటారు. ఈ సంగతి మన ప్రభుత్వాలకీ తట్టకపోలేదు. 1950లో మొదలైన ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్పులకి 2008 నుంచి మనమూ సమానంగా డబ్బు వేస్తున్నాం, అందుకే పక్కన నెహ్రూ పేరు చేరింది. 2009లో ఒబామా, మన్మోహన్ సింగ్‌ల పేర్లతో ప్రకటించిన పథకంలో చెరో యాభై లక్షల డాలర్లు వేసుకున్నారు. 2018లో స్పార్క్ అని పెట్టి, విదేశీ ఆచార్యులతో కలిసి చేసే ఆరువందల పరిశోధనలకి 418 కోట్లు మనమే కేటాయించాం. సంతోషించాను. చదివింపుల పుస్తకంలో మన పేరూ ఎక్కుతోంది కదా అని.

కాని డబ్బు సమానమైతే చాలా? గత సంక్రాంతికి మా అన్నయ్య కూతురు వచ్చినప్పుడు ఈ అనుమానం మొదలైంది. అది పరిశోధన చేస్తోంది. తెలంగాణ చెరువుల మీద. ఊళ్ళో చెరువు తూము ఎప్పుడెత్తాలో, ఎవరి పొలానికి ఎంత నీళ్ళు వదలాలో చూసుకునే మనిషి ఒకడుండేవాడు, నీరటి అంటారు. కొన్ని ఊళ్ళల్లో మాన్యం భూమి, కొన్ని ఊళ్ళల్లో కల్లంలో గింజలు, అదీ అతని జీతం. అతనికిచ్చే ఆ గింజలు ఆగిపోయాక తూము దగ్గర ఎవరున్నారు, తగాదాలెవరు తీరుస్తున్నారు అన్నది దాని ప్రశ్న. బంగారంలాంటి ప్రశ్న! ఇంతలో ఒక విదేశీ యూనివర్సిటీతో కలిసి గ్రాంటుకి పెట్టుకునే అవకాశం వచ్చింది. వాళ్ళకి కావలసింది ఉపగ్రహం ఫోటోల్లో చెరువుల విస్తీర్ణం కొలవడం. అందులో నీరటి ఎక్కడా కనపడడు, అంత ఎత్తునుంచి మనిషి కనపడడు కదా.

"అత్తా, డబ్బు కోసం ప్రశ్న మార్చుకోవడం తప్పేనా?" అంది, గారెలపిండి రుబ్బుతున్న నా పక్కన నిలబడి.

వెంటనే జవాబివ్వలేదు. గ్రాంటు తీసుకోవద్దు, అది బానిసత్వం అని చెప్పడం తేలికే. అలా చెప్పేవాళ్ళని నేను పెద్దగా నమ్మను. మన సొంత దాతలు తక్కువ తిన్నారా? గుడికి ఫ్యాను ఇచ్చి మూడు రెక్కల మీదా పేరు రాయించుకుంటారు, తిరిగితే పేరు కనపడదన్న బాధతో దాన్ని ఆపేసి చూసుకునేవాళ్ళు కూడా ఉన్నారేమో! కాలేజీకి గది కట్టించినవాడు తన మరదలి కొడుక్కి సీటడుగుతాడు. ఉపగ్రహం ఫోటోలూ పనికిమాలినవేం కావు, చెరువు ఎంత పూడిందో అవే చెబుతాయి. ఆ పిల్లకి నెలకింత వస్తుంది, వాళ్ళ నాన్న మీద భారం తగ్గుతుంది, విదేశం చూసొస్తుంది. నీతి పేరు చెప్పి ఇవన్నీ వదులుకోమనడానికి నేనెవర్ని?

కాకపోతే ఒకటుంది. ఊళ్ళోవాళ్ళు మనకిచ్చే చదివింపుల్లో వంద రూపాయలుంటాయి గాని, పెళ్ళికూతుర్ని మార్చమనే హక్కు ఉండదు. డబ్బు ఎవరిదైనా తీసుకోవచ్చుననే నా నమ్మకం. ప్రశ్న మాత్రం అప్పుగా తెచ్చుకోకూడదు. మన యూనివర్సిటీలకి సంస్కరణలు కావాలనేవాళ్ళు దీని జోలికి రారు. పైనుంచి నిపుణులొస్తారు, మంచి హోటల్లో రెండు రోజులు సభ జరుగుతుంది, పాఠ్య ప్రణాళిక ఎలా ఉండాలో తెరమీద బొమ్మలు వేసి చూపిస్తారు. కింద డిపార్టుమెంట్లలో ఏళ్ళ తరబడి పోస్టులు ఖాళీ. ఉన్న ఇద్దరు ముగ్గురే అన్ని పేపర్లూ చెబుతుంటారు. సొంత ప్రశ్న వేసుకోవాలంటే తీరిక కావాలి, పక్క గదిలో వాదించడానికి ఇంకొక మనిషి కావాలి. ఇవి ఏ భాగస్వామీ విమానంలో తెచ్చి ఇవ్వలేడు. నోట్లో నాలుక లేని కోడల్ని పంపిస్తే వియ్యపురాలు పెత్తనం చెయ్యక ఏం చేస్తుంది చెప్పండి?

నేను మా పిల్లతో చివరికి అన్నది ఇంతే: "వాళ్ళ ఫోటోలు తీసుకో. నీరటి అధ్యాయం కూడా అందులోనే పెట్టు. దానికయ్యే బస్సు ఖర్చులు మీ యూనివర్సిటీనే ఇమ్మని అడుగు. అది ఎంత చిన్న మొత్తమైనా సరే, మీ వాళ్ళ పద్దులోంచే రావాలి."

అది రాసి పంపింది. దాని గైడుగారు మొదట గొణిగారట, ఇంత చిన్నమొత్తానికి ఫైలు నడపడం ఎవరికి ఓపిక అని. ఫైలు ఇంకా నడుస్తూనే ఉంది. విదేశీ ప్రొఫెసరు మాత్రం ఒక ఉత్తరం రాశాడు. నీరటికి గింజలు ఏ లెక్కన కొలిచేవారు, ఎకరానికా, పంటకా, తూముకి దగ్గరున్నవాడూ చివరున్నవాడూ ఒకటే ఇచ్చేవారా అని అందులో ఏడెనిమిది ప్రశ్నలు వేశాడట. వాటికి జవాబులు దీనికీ తెలియవు. ఆ పక్క ఊళ్ళో ఆ పని చేసిన ముసలాయన ఒకాయన ఉన్నాడు, ఎనభై దాటాయి, వినికిడి తగ్గింది. ఎండలు ముదరకముందే వెళ్ళి ఆయన దగ్గర కూచోవాలని మా పిల్ల తొందరపడుతోంది.