ఊరకే నిలుచున్నవారు



పండుగకు హైదరాబాదు నుండి వచ్చిన కుర్రవాణ్ణి గుడి వాకిట్లో మనం మొదట అడిగేదేమిటి? "ఏం బాబూ, ఇంకా ఉద్యోగం రాలేదా?" మా వీరులపాడులో నేనూ ఒకణ్ణి అడిగాను. అమీర్‌పేట హాస్టల్లో నాలుగేళ్లుగా కోర్సు వెంట కోర్సు నేర్చుకుంటున్న బిడ్డ. తల దించుకొని చెప్పులు వెదుక్కున్నాడు.

ప్రభుత్వ సర్వే ప్రకారం దేశంలో నిరుద్యోగం 2017-18లో నూటికి 6 ఉండగా, 2023-24 నాటికి 3.2కు తగ్గింది. సంతోషమే. కాని లెక్క వేసే తీరు చూడండి. వారపు లెక్కలో ఒక్క గంట పని దొరికినా పనిలో ఉన్నట్లే. నగరంలో అడ్డా మీద నిలబడే కూలీకి వారంలో ఒక్కరోజు పిలుపు వస్తే అతడు నిరుద్యోగి కాడు. తండ్రి దుకాణంలో జీతం లేకుండా కూర్చున్నవాడూ కాడు. పరీక్షలకు చదువుతూ పని వెదకనివాడు అసలు లెక్కలోకే రాడు.

పని చేయనివాడు తినరాదన్న పునీత పౌలుగారి హెచ్చరికను మనవాళ్లు ఇటువంటి పిల్లలమీద విసురుతుంటారు. ఆయన మందలించింది పని చేయనొల్లనివారిని. పని దొరకనివారిని కాదు. ఈ రెంటినీ కలిపివేయడం తర్కదోషం మాత్రమే కాదు, అన్యాయం కూడా.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని సాయంత్రం అయిదింటికి మళ్లీ వీధిలోకి వెళ్లాడు. ఎందుకు ఊరకే ఉన్నారని అతడూ అడిగాడు. ఎవరూ పిలవలేదన్నారు వాళ్లు. ఆ జవాబును అతడు నమ్మాడు, వెంటనే పని ఇచ్చాడు. నేను అడిగానే గాని, జవాబు కోసం ఆగలేదు.

క్రిస్మసుకు ఆ కుర్రవాడు మళ్లీ వస్తాడు. "ఫాదరుగారూ, ఈసారి వాణ్ణేమీ అడగకండి" అని వాళ్లమ్మ ముందే చెప్పి వెళ్లింది.