దిష్టియు, దాని సంకేతములును

ఆయుధపూజ ముగిసిన వేళ చెన్నపట్టణపు వీధులలో నడచినవారికి ఒక దృశ్యము చిరపరిచితము. అంగళ్ళ ముందు బూడిద గుమ్మడికాయలు పగిలి, వానిలో నింపిన కుంకుమ నేలపై ఎఱ్ఱగా పరచుకొని యుండును. ఆ ముక్కలపై మోటారు సైకిళ్ళు జారి మనుష్యులు గాయపడుదురు గనుక, నడివీధిలో కాయలు కొట్టవలదని అధికారులు విజ్ఞప్తి చేయుటయు కలదు. ఒకరి దిష్టి తీయుటకు కొట్టిన కాయ మరియొకరి కాలు విఱుగుటకు కారణమగుట విచారింపదగిన విషయము.

ఇట్టి క్రియలను క్రొత్తగా నేర్వబోవువారు మొదట అడుగు ప్రశ్న యొక్కటియే: ఏ వస్తువు దేనికి గుఱుతు? గుమ్మడికాయ తలకు, కుంకుమ రక్తమునకు ప్రతినిధులనియు, జంతుబలికి మారుగా ఈ బలి ఏర్పడినదనియు పెద్దలు చెప్పుదురు. పసుపునీటిలో సున్నము కలిపిన ఎఱ్ఱనీళ్ళు తెలుగువారి ఇండ్లలో శుభకార్యములన్నింట కానవచ్చును. పసుపు క్షారముతో కలిసి ఎరుపెక్కుట రసాయన ధర్మము. అయినను వధూవరులకు ఆ నీటితో దిష్టి తీయు ముత్తైదువకు అది రసాయనము కాదు, మంగళము.

1890లో తొలిసారి వెలువడి, పిమ్మట విస్తరించిన ‘ది గోల్డెన్ బౌ’ గ్రంథమున జేమ్స్ ఫ్రేజర్ ఇట్టి క్రియలకు రెండు సూత్రములు చెప్పెను. పోలిక గల వస్తువులు ఒకదానిపై నొకటి పనిచేయుననుట మొదటిది. ఒకమారు తాకిన వస్తువులు విడివడినను వాని సంబంధము తెగదనుట రెండవది. ఆయన ఈ రెంటిని పొరపాటు తలపులుగనే ఎంచెను. మేమును ఉప్పునకు, మిరపకాయకు జ్వరము తగ్గించు శక్తి కలదని చెప్పము. జ్వరమునకు వైద్యుడే కావలెను. కాని గుప్పెడు ఉప్పు బిడ్డ చుట్టు త్రిప్పు తల్లి చేతిలో నున్నది వైద్యము కాదు. ఆమె భయమునకు, ప్రేమకు దొరికిన రూపము. సంకేతము పనిచేయు చోటు వస్తువు కాదు, మనస్సు.

మనస్సుపై పనిచేయునది మేలైనను చేయును, కీడైనను చేయును. అసలు ప్రశ్న ఇచ్చటనే యున్నది. మన ఇండ్లలో దిష్టి తీయునపుడు ఇరుగుపొరుగువారి చూపుతోపాటు తల్లి చూపును కూడ లెక్కలో చేర్చుట వాడుక. నా దిష్టియే తగిలినదేమో యని తల్లి యనుకొనును. ఆ మాటలో గొప్ప నీతి కలదు. దోషము అందరి కన్నులలోను, నా కంటిలోను ఉండవచ్చునని ఒప్పుకొనినవారికి శత్రువు ఉండడు.

అట్లుగాక ఆ చూపు ఫలానివారిదే యని వ్రేలు చూపిన క్షణమున సంకేతము ఆయుధమగును. బిడ్డలు లేని స్త్రీని, భర్తను కోల్పోయిన స్త్రీని శుభకార్యములకు దూరము చేసినది ఈ వ్రేలే. తెలంగాణ పల్లెలలో బాణామతి, చేతబడి యను అనుమానముతో నిరపరాధులను కొట్టి చంపిన ఘోరములకును మూలమిదియే. అచ్చట నిమ్మకాయయు, కుంకుమయు, బొమ్మయు ఎవరికిని హాని చేయలేదు. వానికి అర్థము చెప్పిన మనుష్యులు చేసిరి.

కావున నేర్వగోరువారు ఏ వస్తువు దేనికి గుఱుతని అడుగుటకు ముందు, ఈ క్రియ వలన ఎవరికి నొప్పి కలుగునని అడుగవలెను. ఆచారమును విడువుమని మేము చెప్పుట లేదు. గుమ్మడికాయను గడప ప్రక్కనే కొట్టి, ముక్కలను మన చేతులతోనే యెత్తివేయుదము. మన దిష్టి ఎంత పోవునో యెవరు చెప్పగలరు? దారిన పోవువాడు మాత్రము క్షేమముగా ఇల్లు చేరును.